కానుగ పొగ

చాయ్ మొదటి గుక్క మింగగానే సావిత్రమ్మ గ్లాసులోకి చూసింది. చేదు. ఆ చేదు వెనక పచ్చి కానుగ కాయ చితక్కొట్టినప్పటి కంపు. గ్లాసు కింద పెట్టి, గూట్లో ఆరబెట్టిన చాయ్ జాలి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇక అనుమానం లేదు. చాయ్ వడబోసే జాలితో కారులో పోసే కానుగ నూనె వడబోశారు.

జాలి ఎవరు ముట్టారని అడిగింది, జవాబు తెలిసే.

భర్త ఐలేశం అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. డబ్బా అడుగున మిగిలిన నూనెలో పొట్టు తేలుతుంటే చేతికి అందిన జాలితో వడబోశానని, మళ్ళీ కడిగే పెట్టానని చెప్పాడు. దేంతో కడిగారని ఆమె అడిగింది. నీళ్ళతో అన్నాడు. నూనె నీళ్ళకు పోతుందా అంది. ఒక్క జాలి కోసం పొద్దున్నే ఇంత లొల్లా, బజారుకు పోయినప్పుడు కొత్తది తెస్తానన్నాడు. కొత్తది తెస్తే అదీ కారుకే పోతుందంది. మాట మీద మాట పెరిగి, ఇద్దరూ లోలోపల తగ్గే దారి వెతుక్కునే దాకా వచ్చింది. ఎప్పటిలాగే ఆ దారి పెరట్లో దొరికింది.

"అసలు నూనె పని చిన్నమ్మది గద," అన్నాడు ఐలేశం. "ఆమె మంచిగ వడగడితె నేనెందుకు జాలి ముడ్త?"

చిన్నమ్మ ఉప్పలమ్మ వడగట్టిన నూనెలో పొట్టు ఉండదు. రెండు మడతల బట్టలో పోసి, ఒక రోజంతా తేరనిచ్చి, పైనూనె మాత్రమే తీస్తుంది. తేరకముందే డబ్బా కదిపి వంపుకున్నది ఐలేశమే. ఇదంతా సావిత్రమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. చూసి కూడా లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, "చిన్నత్తా, పొట్టు లేకుండ జర చూసి వడగట్టరాదా?" అని ఒక మాట విసిరింది.

"అట్లనే బిడ్డా," అంది ఉప్పలమ్మ. ఆ తర్వాత చాలాసేపు దగ్గింది.

ఇంట్లో శాంతి కుదిరింది.

ఉప్పలమ్మ ఐలేశానికి చిన్నాయన భార్య. పిల్లలు లేరు. భర్త పోయాక, డిండి అవతల కొత్తపెంటలో ఆమె పేరు మీద మిగిలిన మెట్ట చెలక అమ్మించి, ఆ డబ్బుతోనే ఐలేశం డీజిల్ అంబాసిడర్ కొని దేవరకొండ టాక్సీ స్టాండులో పెట్టాడు. బతికినన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంటుందని నలుగురి ముందు చెప్పి, అదే కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. ఆ రోజు ఊరంతా బయటికొచ్చి చూసిందని ఉప్పలమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇల్లు మూడు గదులది. ముందు గది వచ్చేపోయేవాళ్ళకు, నడిమి గది ఆలుమగలకు, మూడోది వాళ్ళ కూతురు రేణుక చదువుకు. కారు కోసం పెరట్లో షెడ్డు వేసినప్పుడు, దాని గోడకు ఆనించి రేకులు దించి, ఆ వసారాలో ఉప్పలమ్మకు మంచం వేశారు. నడుమ గోడ నడుమెత్తు వరకే లేచింది. గాలాడుతుందని పైన అట్లా వదిలేశానని ఐలేశం అంటాడు. ఇటుక అయిపోయిందని సావిత్రమ్మకు తెలుసు.

ఎక్కడో కువైట్‌లో గొడవ మొదలైతే ఇక్కడి బంకులో డీజిల్ లేదని అట్టముక్క వేలాడదీశారు. డీజిల్ వచ్చిన రోజు లారీల వరస బస్టాండు దాటేది. కిరాయిలు చేజారిపోతుంటే ఐలేశం నూనెల మీద పడ్డాడు. చుట్టుపక్కల చెలకలన్నీ ఆముదాలే కదా అని ముందు ఆముదం పోశాడు. అది తేనెలా సాగి, మల్లేపల్లి దాటకముందే పైపుల్లో అడ్డం పడింది. ఎడ్లను కట్టి కారును లాక్కొచ్చారు. తర్వాత పల్లినూనె పోశాడు. కారు బ్రహ్మాండంగా నడిచింది, వెనక మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. కానీ పల్లినూనె తాగే కారును సాకేకంటే ఇల్లరికపు అల్లుణ్ణి సాకడం నయమని స్టాండులో నవ్వారు.

కానుగ మాట చెప్పింది ఉప్పలమ్మే. కొత్తపెంట వాగు పొడుగూతా కానుగ చెట్లున్నాయి, కాయ రాలి మట్టిలో కలిసిపోతోంది, తన చిన్నప్పుడు ఆ నూనెతోనే దీపాలు పెట్టేవాళ్ళు. అన్నం పెట్టే ఇంటికి తనూ ఒక పనికొచ్చే మాట చెప్పగలిగానని ఆ రోజు ఆమె మొహం వెలిగింది. తనే వెళ్ళి, కూలివాళ్ళతో కాయ ఏరించి, కొట్టించి, గింజ గానుగకు పట్టించి తెచ్చింది.

ఆ నూనెతో నడపడానికి ఒక పద్ధతి ఉంది. ముందు డీజిల్ మీద ఇంజను వేడెక్కించి, తర్వాత నూనెకు తిప్పాలి. ఆపేముందు మళ్ళీ డీజిల్‌కు రావాలి. మొదట్లో ఐలేశం అట్లాగే చేశాడు. డీజిల్ మరీ దొరకనప్పుడు, వేడెక్కించడానికి కూడా దాన్నెందుకు తగలెయ్యాలని మానేశాడు. ఇప్పుడు ఉప్పలమ్మ తెల్లవారకముందే లేచి మూడు రాళ్ళ పొయ్యి మీద నూనె వేడి చేసి పోస్తుంది. అతను చల్లటి ఇంజనును అట్లాగే స్టార్టు చేస్తాడు. మొదట తెల్లగా, తర్వాత నీలంగా, ఆఖర్న నల్లగా పొగ కక్కుతూ, వణుకుతూ, గంటసేపు షెడ్డులోనే నడుస్తుంది. ఆ పొగ నడుమెత్తు గోడ దాటి వసారాలో నిండి, రేకుల కింద గూడు కట్టి, అక్కడే ఉండిపోతుంది.

దాంతో ఏమీ కాదని ఇంట్లోనూ వీధిలోనూ ఒక నమ్మకం. కానుగ పుల్లతో పళ్ళు తోముకుంటారు. గజ్జికి ఆ నూనె రాస్తారు. ఈగలు పోవడానికి కొట్టంలో ఆ ఆకే పొగ వేస్తారు. "నోట్లె పెట్టుకునే పుల్ల," అనేవాడు ఐలేశం, "దాని పొగ విషమెట్లైతది?" దానికి ఎదురు చెప్పిన మనిషి లేడు.

సావిత్రమ్మకు తెలుసు. నల్లగొండ కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు దాకా చదివింది. సగం కాలిన నూనె పొగ అంటే, పొయ్యి మీద మూకుడు మరిచిపోతే కళ్ళు మండించి గొంతు మూసే ఆ పొగేనని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. రేణుక గది కిటికీకి పాత చీర తడిపి కట్టేది. తలుపు కింద గోనెపట్టా దూర్చేది. పొద్దున ఆ పట్టా తీస్తే, బయటి అంచు మసి పట్టి ఉండేది. దాన్ని దులిపి, మళ్ళీ సాయంత్రానికి సిద్ధంగా మడిచిపెట్టేది. ఉప్పలమ్మ మాట ఎత్తకపోవడానికి ఆమె దగ్గర ఒక కారణం ఉంది. ఎత్తితే, మరి ఎక్కడ పడుకోవాలి అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు రేణుక గది. రేణుకకు ఈ ఏడు పదో తరగతి. పక్కన రాత్రంతా దగ్గే మనిషి ఉంటే పిల్ల ఏం చదువుతుంది?

మొదట నోరు విప్పింది ఎదురింటి ఫక్రుద్దీన్. అతను దర్జీ. పెళ్ళిళ్ళ కాలం, లాల్చీలు కుట్టి, గంజి పెట్టి వాకిట్లో ఆరేస్తే తెల్లబట్ట మీద ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు పడుతున్నాయి. ఉతికితే చుక్క గీతవుతోంది. అతని భార్య తాహేరా రెండుసార్లు వచ్చి మెల్లగా చెప్పిపోయింది. ఐలేశం నవ్వి పంపాడు. మూడోసారి ఫక్రుద్దీన్ వీధి పెద్దమనిషి అంజయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

ఆదివారం పొద్దున పంచాయితీ. వీధి సగం పెరట్లోకి వచ్చింది. ఫక్రుద్దీన్ కారు గొట్టానికి తెల్ల తువ్వాలు అడ్డం పెట్టి, ఇంజను నడిపించి, మసి అచ్చు పడిన తువ్వాలును అందరికీ చూపించాడు. గొణుగుడు మొదలైంది. ఐలేశం మొహం ఎర్రబడింది కానీ మాట తడబడలేదు.

"మరక వేరు, రోగం వేరు అంజయ్య మామా," అన్నాడు. "బట్టకంటితె ఉతుక్కుంటం. మనిషికేమన్న ఐతే చెప్పున్రి. మా చిన్నమ్మ రోజు దీని పక్కనే పంటది."

అంటూనే లోపల్నుంచి స్టూలు తెచ్చి కారు వెనక వేశాడు. ఉప్పలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. కారు మళ్ళీ స్టార్టయింది. పొగ ఆమె మోకాళ్ళ దగ్గర మొదలై ఒళ్ళంతా కప్పేసి నెత్తి మీదుగా పోయింది. ముసలమ్మకు రోజూ ధూపమే అని ఎవరో అన్నారు. నవ్వారు.

"ఎట్లున్నది ఉప్పలమ్మా?" అని అడిగాడు అంజయ్య.

ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పెదవులు బిగపట్టి, గొంతులో లేచినదాన్ని మింగి, నవ్వింది. "ఏం లేదు పటేలా. మా వాగు వాసనే."

అంజయ్య అంతటితో ఒప్పుకునేవాడే. కానీ ఐలేశానికి గెలుపు ఇంకా గట్టిగా కావాలనిపించింది. మా ఆమె బీఎస్సీ చదివింది, కావాలంటే ఆమెనే అడగండన్నాడు. అందరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు. ఉప్పలమ్మ కూడా తిరిగింది. ఆ పొగలోంచి చూస్తున్న చూపులో ఏముందో సావిత్రమ్మ పరీక్షగా చూడలేదు.

ఆమె మనసు చకచకా వెతికింది. అబద్ధం ఆడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ నచ్చదు. వెతగ్గా ఒక నిజం దొరికింది.

"డీజిల్ల గంధకం ఉంటది మామా," అంది. "చెట్టు నూనెల ఉండదు."

గంధకం అన్న మాటకు అంజయ్య తల పంకించాడు. చదువుకున్న మనిషి చెప్పాక ఇంకేముంది? తీర్పు అయిపోయింది. ఫక్రుద్దీన్ బట్టలు ఇంటి లోపల ఆరేసుకోవాలి. అందరికీ చాయ్ వచ్చింది. అంజయ్య గ్లాసు ఖాళీ చేసేదాకా ఇంజను నడుస్తూనే ఉంది, ఉప్పలమ్మ స్టూలు మీదే ఉంది. లెమ్మని ఎవరూ చెప్పలేదు. ఆమె తనంతట తను లేవలేదు.

ఆ తర్వాత అదొక తమాషా అయింది. వేరే డ్రైవర్లు చూడ్డానికి వచ్చినా, కిరాయికొచ్చినవాళ్ళు ఇదేం కంపని ముక్కు మూసుకున్నా, ఐలేశం "చిన్నమ్మా" అని కేక వేసేవాడు. ఆమె వచ్చి కూర్చునేది. మా వాగు వాసనే అనేది. ఆ స్టూలు ఇంట్లోకి తిరిగి రాలేదు, షెడ్డులోనే ఉండిపోయింది.

పుష్యమాసం చలికి ఉప్పలమ్మ ఒక మాట పూర్తి చెయ్యడానికి మధ్యలో ఆగాల్సి వచ్చింది. నూనె డబ్బా ఎత్తి నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని నిలబడేది. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, ముందుకు వంగి, కూర్చునే నిద్రపోయేది. ఒకరోజు పెదవులు నేరేడు పండులా కనబడితే దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. పొగ ఎక్కువ పీల్చిందని, ఇంకా పీలిస్తే తన చేతుల్లో ఏమీ ఉండదని చెప్పాడు. పల్లెటూరి ముసలామె కదా, కట్టెపొయ్యి అనుకున్నాడు. ఇకనుంచి ఈమెను పొయ్యి దగ్గరికి పోనివ్వకండన్నాడు.

ఐలేశం ఊపిరి పీల్చుకుని, అట్లాగేనండి, ఇంట్లో వంట మా ఆమే చేస్తుంది అన్నాడు. అది నిజమే. సావిత్రమ్మ పక్కనే నిలబడి ఉంది. డాక్టరు ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె మందుచీటీ అందుకుని, ఏ గోలీ తిన్నాక వెయ్యాలి, ఏది తినకముందు వెయ్యాలి అని వివరంగా అడిగి తెలుసుకుంది.

మరునాడు తెల్లవారకముందే కారు మళ్ళీ నడిచింది. నూనె వేడి చేసింది ఉప్పలమ్మే. డాక్టరు వద్దన్నది వంటపొయ్యి.

ఇది ఇట్లా సాగేదే. చెడగొట్టింది ఫక్రుద్దీన్. ఐలేశం స్టాండు నుంచి వస్తుంటే వీధి నడుమ ఆపాడు. అంగడి నుంచి వచ్చే జనం ఉన్నారు, అంజయ్య తన అరుగు మీదే ఉన్నాడు. ఫక్రుద్దీన్ గొంతు పెంచలేదు.

"భాయి, నా బట్టల ముచ్చట ఇడ్సిపెట్టు. లోపట ఆరేస్కుంటున్న, ఫికర్ లేదు. గా ముసలామెను గూడ జర లోపట పండవెట్టు. నీకు జాగ లేదంటె చెప్పు. మా మిషిను గదిల మంచం పడ్తది. తాహేరా చూస్కుంటది."

జనం ఆగారు. ఎవరూ నవ్వలేదు. అంజయ్య కండువా సర్దుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఐలేశం ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాడు. ఎదురింటి దర్జీ నా ఇంటి మనిషిని సాకుతాడట, పది మందిలో నా ఇజ్జత్ తీశాడు అని గది ఇటు నుంచి అటు తిరిగాడు. రేపటి నుంచి వీధి అంతా ఇదే మాట. ఆమెను లోపలికి తెస్తే ఫక్రుద్దీన్ చెబితే తెచ్చాడంటారు. తేకపోతే చంపుతున్నాడంటారు. డీజిల్ పోద్దామంటే డీజిల్ లేదు. ఏం చెయ్యాలో చెప్పమని పెళ్ళాన్ని అడిగాడు.

సావిత్రమ్మ ఎల్లిపాయలు ఒలుస్తోంది. మూడో గదిలో రేణుక పైకి చదువుకుంటున్న గొంతు వినిపిస్తోంది. ఆమె ఒలిచిన రెబ్బలు గిన్నెలో వేసి, పొట్టు కొంగులోకి తీసుకుని, ఆ పొట్టు వైపే చూస్తూ ఒక మాట అంది.

"కొత్తపెంటల గాలి మంచిగుంటది."

అంతే అంది. వెళ్ళగొట్టమని అనలేదు. ఐలేశం తిరగడం ఆపాడు.

ఆ సాయంత్రం భోజనాలకు ఉప్పలమ్మను లోపలికి పిలిచారు. రోజూ వెనక గుమ్మం దగ్గర, అందరూ తిన్నాక తినే మనిషి. ఇవాళ వరసలో, రేణుక పక్కన పీట వేసి కంచం పెట్టారు. సావిత్రమ్మ జొన్నరొట్టె మెత్తగా ఉన్నది ఏరి వేసి, పప్పు నిండుగా పోసి, పైన నెయ్యి కూడా వేసింది. ఆ నెయ్యి చూసి ఉప్పలమ్మ భయపడింది. రొట్టె తుంచి పప్పులో అద్ది, నోటిదాకా తెచ్చి, ఐలేశం మొహం చూసింది.

అతను రెండు రొట్టెముక్కలు తిని, నీళ్ళు తాగి చెప్పాడు.

"రేపు శ్రీశైలం కిరాయి ఉన్నది చిన్నమ్మా. దారిల నిన్ను కొత్తపెంటల దింపుత. ఇగ ఆడనే ఉండు. డాక్టరు పొగ వద్దన్నడు గద. ఆడ గాలి మంచిగుంటది."

ఉప్పలమ్మ చేతిలోని ముక్క కంచంలో పెట్టింది. అక్కడ ఎవరున్నారని రేణుక అడిగింది. ఊరంతా ఉందని ఐలేశం జవాబు చెప్పాడు. అక్కడి పాత ఇంటికి కప్పు లేదు కదా అంది రేణుక. దూలాలు ఉన్నాయి, మీద తాటికమ్మ కప్పిస్తా అన్నాడు.

"నా గదిల పండుకుంటది," అంది రేణుక. "నాకేం కాదు."

"నీకు పరీక్షలున్నయి," అంది సావిత్రమ్మ, కూతురి కంచంలో పప్పు వేస్తూ. పిల్ల తల్లి వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

ఉప్పలమ్మ ఊపిరి కూడదీసుకుంది. "నాకు పొగతోటి... ఏం తక్లీఫ్ లేదు బిడ్డా. పంచాయితిల గూడ... అదే చెప్పిన గద."

"చెప్పినవు," అన్నాడు ఐలేశం. "ఎవలు కాదన్నరు?"

"మరి నూనె... ఎవలు వడగడ్తరు?"

ఇంతసేపూ ఆమె దాచుకున్న ఆఖరి మాట అది. తను లేకపోతే ఆగిపోయే పని ఈ ఇంట్లో అదొక్కటే. ఆ ప్రశ్నకు ఐలేశం దగ్గర జవాబు ముందే ఉంది. ఇంటికి రాగానే రగిలిన కోపం సాయంత్రానికి లెక్కలోకి వచ్చింది.

"కాయ ఆడనే ఉన్నది గద చిన్నమ్మా. గింజ పట్టిచ్చి ఆడనే వడగట్టి డబ్బలల్ల పోసి పెట్టు. అటు కిరాయి పడ్డప్పుడల్ల నేనొచ్చి తీస్కపోత. నీకు బియ్యం, ఉప్పు, పప్పు అన్ని తెచ్చి దింపుత. ఈడ చేసే పనే ఆడ చేస్తవు. ఏం ఫరక్ పడ్తది?"

సావిత్రమ్మ భర్త కంచంలో రొట్టె వేసింది. అక్కడ నూనె వేడి చెయ్యనక్కర లేదు కాబట్టి అది కూడా ఒక మేలేనని ఆమెకు తోచింది. ఆ మాట పైకి కూడా అంది.

ఉప్పలమ్మ తుంచిన ముక్క మళ్ళీ తీసుకుంది. మెల్లగా నమిలింది. నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాస్తే రేణుక అందించింది.

"పొద్దుగాల్ల తయారుగ ఉండు," అన్నాడు ఐలేశం, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ. "కిరాయోళ్ళు నలుగురున్నరు. ముందట నా పక్కన ఒకాయన కూసుంటడు, నువ్వు నడుమ సర్దుకో. దగ్గస్తె మాత్రం జర ఆపుకో చిన్నమ్మా. వాళ్ళు అడిగితె బాగుండదు."

"ఆపుకుంట బిడ్డా," అంది ఉప్పలమ్మ.